స్మార్ట్ గడప

చీరలు అమ్ముడుపోకపోతే మామూలు మనుషులు మామూలు కారణాలు వెతుక్కుంటారు. కొట్లో వెలుతురు లేదంటారు, పైకప్పు కారుతోందంటారు, పక్క బజారులో పవర్‌లూమ్ సరుకు చవగ్గా దొరుకుతోందంటారు. వస్త్రశోభ చేనేత విక్రయాల కార్పొరేషన్‌ని నడిపేది మామూలు మనుషులు కాదు. ఆ పెద్దలు రాజధానిలో ఓ ఏసీ హోటల్లో కూర్చున్నారు, తిన్నారు, ఆలోచించారు, మళ్లీ తిన్నారు. జనం కొట్లోకి రాకపోవడానికి కారణం కొట్టుకి తెలివి లేకపోవడమేనని తేల్చారు. టెక్నాలజీ పెడితే కొట్టే జనాన్ని లాక్కుంటుంది. జనం వస్తే చాలు, మిగతావన్నీ వాటంతటవే అవుతాయి.

అలా లాక్కోబోయే మొట్టమొదటి కొట్టుగా చినమల్లవరం శాఖని ఎంచుకున్నారు.

ఆ శాఖ మేనేజరు జంజనం హైమావతి. మగ్గం గుంట పక్కన పుట్టి, పడుగు పోగుల కింద పాకి పెరిగిన మనిషి. పైకప్పు బాగుచేయించమనీ, రెండు ట్యూబులైట్లు ఇప్పించమనీ ఆవిడ అడుగుతూనే ఉంది, పైవాళ్లు పరిశీలిస్తూనే ఉన్నారు. వాన పడితే సేల్స్‌మన్ బాజీ బీరువాల మీద తార్పాలిన్ కప్పి, కారే చోట బక్కెట్టు పెట్టి, "అక్కా, ఆ బక్కెట్టు తన్నుకోబోకండి" అంటూ ఆడవాళ్లని పరుపు మీదికి పిలుస్తాడు. అయినా కొట్టు నడుస్తోంది. నడవాలి. చుట్టుపక్కల ఊళ్ల మగ్గాలకి ఆ కొట్టొక్కటే దిక్కు. అది మూతపడితే నేతగాళ్లు చీరలు చంకన పెట్టుకుని షావుకారు అరుగు ముందు నిలబడాలి. ఆయన సగం ధర చెప్పి, అది కూడా దయతలచి ఇస్తున్నట్టు మొహం పెడతాడు. హైమావతి తండ్రి ఆ అరుగు ముందు నిలబడి నిలబడే పోయాడు.

ట్యూబులైట్లు రాలేదు. లారీ వచ్చింది. లారీ వెనక కారు, కారులోంచి డిప్యూటీ జనరల్ మేనేజరు ముకుందరావు, ఆయన వెనక కన్సల్టెంటు నిశ్చల్. నిశ్చల్ మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబు, నోట్లో ఇంగ్లీషు.

"ఏంది సార్ ఆ పెట్టెలో?" అనడిగింది హైమావతి.

"గడప," అన్నాడు ముకుందరావు.

"మాకుందిగా సార్."

"అది కొయ్య గడపమ్మా. ఇది స్మార్ట్ గడప."

ముత్తాతల నాటి టేకు గడపని గునపాలతో పెకిలించి కొత్తదాన్ని బిగించారు. మొదట నేల మీద పరిచే పల్చటి పట్టాలాగా చేద్దామనుకున్నారట. "కానీ మేడమ్, మీది హెరిటేజ్ ప్రోడక్ట్ కదా, లుక్ ఉండాలి" అని నిశ్చల్ దాన్ని జానెడు ఎత్తున, అసలు గడపలాగే పోత పోయించాడు. పసుప్పచ్చటి రంగు, నాలుగు మూలలా ఇత్తడి పద్మాలు. లోపల బరువు పసిగట్టే సెన్సార్లు. దాని మీద కాలు పడగానే గుమ్మం పైన తెర వెలుగుతుంది, స్వాగతం అని ఆడగొంతు పలుకుతుంది, మల్లెపూల వాసన గుప్పుమంటుంది, అద్దాల వెనక బొమ్మ కట్టుకున్న చీర మీద రంగురంగుల లైట్లు తిరుగుతాయి. రెండు అడుగులు పడితే ఒక కస్టమరు వచ్చినట్టు. ఆ లెక్క రెప్పపాటులో రాజధానికి చేరుతుంది.

"మొహాలు చూడదు మేడమ్, ప్రైవసీ సమస్య. పాదమే ప్రమాణం," అన్నాడు నిశ్చల్.

"దసరా నాటికి పాదాల సంఖ్య లక్ష్యమును చేరని ఎడల సదరు శాఖ మూసివేయబడును," అన్నాడు ముకుందరావు. ఆయన సర్క్యులర్లు రాసీ రాసీ నోటితో కూడా అలాగే మాట్లాడతాడు.

హైమావతి గడప వైపు చూసింది, ముకుందరావు వైపు చూసింది. "సార్, చిన్న మాట. గడపనెవరైనా తొక్కుద్దా?"

"తొక్కకుండా లోపలికెట్లా వస్తారు?"

"దాటొస్తారు సార్."

ముకుందరావు నవ్వాడు. కింది ఉద్యోగి నోరు తెరిచినప్పుడు పైఅధికారి నవ్వే నవ్వు అది. ఆ నవ్వుకి జవాబు ఏ రూలు పుస్తకంలోనూ లేదు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పురోహితుడు గడపకి మందంగా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. కార్పొరేషన్ చైర్మన్ రిబ్బను కత్తిరించి, పంచె కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, కుడికాలు ముందు పెట్టి జాగ్రత్తగా గడప దాటాడు. డైరెక్టర్లు దాటారు. వాళ్ల భార్యలు దాటారు. ముకుందరావు బూట్లు విప్పి మరీ దాటాడు. నిశ్చల్ ట్యాబు చూసుకుంటూ, తనకి తెలియకుండానే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దాటినట్టే దాటాడు.

హాలు నిండిపోయింది. మేళం మోగుతోంది. నిశ్చల్ మొహం పాలిపోయింది.

"సార్, ఎవరూ రాలేదు," అన్నాడు.

"ఎక్కడికి?"

"ఇక్కడికి. గడప సున్నా చూపిస్తోంది."

ముకుందరావు హాలంతా కలియజూశాడు. చైర్మన్ కూల్‌డ్రింకు తాగుతున్నాడు. "కొత్త కదా, బిడియపడుతోంది," అన్నాడు.

తరవాత ఆడిట్ వాళ్లు ఫలహారాల బిల్లు వెనక్కి కొట్టారు. సదరు ప్రారంభోత్సవమునకు ఎవరును హాజరు కాలేదని గడప నివేదించినందున, సదరు కూల్‌డ్రింకులను తాగినది ఎవరో మేనేజరు సంజాయిషీ ఇవ్వవలెనట.

శ్రావణం వచ్చింది. కొట్టు తిరణాలైంది. పరుపు మీద చోటు లేదు. బాజీ ఒకదాని మీద ఒకటి మడతలు విప్పి పరుస్తూ, కొంగు తన భుజాన వేసుకుని చూపిస్తూ గొంతు బొంగురుపోయేలా అరుస్తున్నాడు. వచ్చే ప్రతి ఆడమనిషీ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది, కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుంటుంది, దాటుతుంది. ముసలివాళ్లు వంగి గడపని తాకి కళ్లకద్దుకుని మరీ దాటుతున్నారు. తెర నల్లగా ఉండిపోయింది. మల్లెపూల అత్తరు సీసా మూత తీసినట్టే లేదు.

ఆ నెల్లో గడప లెక్కకెక్కిన కస్టమరు ఒకే ఒక్కడు. మిట్టమధ్యాహ్నం తూలుతూ వచ్చిన లారీ క్లీనరు. గడప మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడి, "వైన్‌షాపు ఇదేనా?" అనడిగాడు. వెంటనే తెర వెలిగింది, మల్లెపూలు గుప్పుమన్నాయి, లైట్లు గిర్రున తిరిగాయి, ఎక్కడినుంచో ఆడగొంతు "స్వాగతం, నీ కోసమే ఎదురుచూస్తున్నాం" అంది. వాడు గజగజలాడుతూ చేతులు జోడించి, "ఇయ్యాల్టి నుంచి మానేస్తా తల్లో!" అని వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తాడు.

సాయంత్రం రాజధాని నుంచి ఫోను.

"మీకొక కస్టమరు వచ్చాడు. ఏమీ కొనకుండా ఎందుకు వెళ్లిపోయాడు?"

"ఆయనకి కావలసింది మన దగ్గర లేదు సార్," అంది హైమావతి.

"ఎందుకు పెట్టలేదు?"

ఆ తరవాత మెమో వచ్చింది. కస్టమర్లు రాని దుకాణము నుండి ఇన్ని చీరలు ఎట్లు బయటకు పోయినవి? వీడియో మీటింగులో ముకుందరావు నిలదీశాడు.

"అమ్మాం సార్. డబ్బు బ్యాంకులో కట్టాం."

"ఎవరికి అమ్మారు? ఎవరూ రాలేదు కదా!"

"కొట్టు పట్టనంతమంది వచ్చారు సార్. దాటొచ్చారు."

"చూడమ్మా, వచ్చారని మీరంటున్నారు, రాలేదని గడపంటోంది. గడపకి అబద్ధమాడాల్సిన అవసరమేముంది?"

"సార్, ఇంటి గడప లక్ష్మి. దాన్ని మనోళ్లు తొక్కరు సార్. మీరు కూడా ఆ రోజు..."

"మూఢనమ్మకం," అన్నాడు ముకుందరావు వెంటనే. "ప్రజలను చైతన్యపరచాలి. అంతవరకు గడప తొక్కని వారిని కస్టమర్లుగా పరిగణించరాదు. బిల్లు మిషను గడపకి అనుసంధానించబడును. పాదం పడితేనే బిల్లు."

మర్నాటి నుంచి పడలేదు. బిల్లు మిషను నోరు మూసుకుంది. చీరలు ఒళ్లో పెట్టుకుని, డబ్బులు చేత్తో పట్టుకుని ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. పెళ్లికి పెట్టుబడి చీరలు తీసుకుందామని వచ్చిన నాంచారమ్మ అనే పెద్దావిడ, "ఏందమ్మా, డబ్బులిస్తానంటే తీసుకోం అంటారేంది? అప్పు కావాలా మీకు?" అని ఎగతాళి చేసింది.

"గడప తొక్కొస్తేనే బిల్లంట పిన్నీ," అంది హైమావతి తలొంచుకుని.

"తొక్కనా? నాకు కోడళ్లున్నారు, మనవరాళ్లున్నారు. వాళ్ల ముందు తొక్కనా?"

బాజీ చొక్కా చేతులు మడిచాడు. "నే తొక్కుతాలే మేడమ్. మా అమ్మ కూడా గడప మీద కూకుంటేనే తిడద్ది. ఏం చేస్తాం, మగ్గాల మొహం చూడాలి గదా." ఒక్కో బిల్లుకి ఒక్కోసారి బయటికి పోయి, గడప మీద రెండు కాళ్లూ పెట్టి లోపలికొచ్చేవాడు. తొక్కిన ప్రతిసారీ వంగి, దాన్ని తాకి కళ్లకద్దుకునేవాడు. పొద్దుగూకేసరికి నడుం పట్టేసింది. అయినా మర్నాడు మళ్లీ మొదలెట్టాడు. మూడో రోజు రాజధాని నుంచి హెచ్చరిక: ఒకే బరువుగల వ్యక్తి పదేపదే దుకాణంలోకి చొరబడుతున్నాడు, లక్షణాలు అనుమానాస్పదంగా ఉన్నాయి, పోలీసులకు అప్పగించవలెను.

బాజీ తొక్కడం మానేశాడు.

ముకుందరావు స్వయంగా వచ్చి గడప తొక్కుడు వారోత్సవాలు ప్రారంభించాడు. బ్యానరు కట్టారు, మైకు పెట్టారు. "ప్రియమైన వినియోగదారులారా! గడప తొక్కండి, చేనేతను బతికించండి!" మాటల్లో ప్రతివాళ్లూ ఒకరి గడప ఒకరు తొక్కుతూనే ఉంటారుగదా, కాలితో తొక్కడానికి ఎందుకీ మొహమాటం అని ఆయన గట్టిగా వాదించాడు.

జనంలోంచి నాంచారమ్మ లేచింది. "నాయనా, ముందు నువ్వు తొక్కి చూపించు. చూసి నేర్చుకుంటాం."

చప్పట్లు, ఈలలు. ముకుందరావు గుమ్మం ముందుకొచ్చాడు. శుక్రవారం. ఎవరో మహాతల్లి పొద్దున్నే గడపకి కొత్తగా పసుపు రాసి, మధ్యలో ముగ్గు పెట్టి పోయింది. ఆయన కాలెత్తాడు. కాలు గాల్లోనే ఆగింది. కాలు దించి, మైకు అందుకుని, "ప్రభుత్వాధికారులు బహిరంగ ప్రదర్శనలలో పాల్గొనరాదని నిబంధన కలదు," అన్నాడు.

"మా ఇంట్లో కూడా అదే నిబంధన నాయనా," అంది నాంచారమ్మ.

నిశ్చల్ ఓ పక్కన కూర్చుని విశ్లేషించాడు. గడప ఆకర్షణీయంగా లేదని తేల్చాడు. ఫలితంగా రోజూ పొద్దున్నే దాని మీద బంతిపూలు, చామంతులు పరచాలని ఉత్తర్వు. అప్పటివరకు గడప తొక్కమన్నారు. ఇప్పుడు గడపా, పూలూ కలిపి తొక్కమంటున్నారు. నలుగురైదుగురు ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి చూసి, చెంపలేసుకుని వెనక్కి పోయారు.

ఆ రోజే నేతగాళ్ల సంఘం పెద్ద నాగలింగం వచ్చాడు. చంకలో చీరల మూట. "అమ్మాయ్, షావుకారు నిన్న నన్ను చూసి నవ్వాడే. దసరా దాకా ఆగుతా బావా, ఆ తరవాత నువ్వే వస్తావుగా అన్నాడు."

హైమావతి మూట విప్పి, ఒక్కో చీరా నిమిరి చూసి, బీరువాలో పెట్టింది.

అప్పుడే తెర వెలిగింది.

వెలగడమంటే మామూలుగా కాదు. స్వాగతం, స్వాగతం, స్వాగతం అని గొంతు ఆగకుండా అరుస్తోంది. మల్లెపూల వాసన పొగలా కమ్మింది. హైమావతి, బాజీ, నాగలింగం గుమ్మంలోకి పరిగెత్తారు. ఊళ్లో మేకలు కాసుకునే మస్తానమ్మ మంద! బంతిపూలు నములుతూ, గడప మీద ముందుకాళ్లు, వెనక కాళ్లు వేసి దర్జాగా లోపలికొస్తున్నాయి. ఒక మేక, నాలుగు పాదాలు, ఇద్దరు కస్టమర్లు. లోపల బిల్లు మిషను టింగు టింగుమని నోరు తెరిచింది.

"హే, హే! అమ్మా, తోలేస్తన్నా, తోలేస్తన్నా!" అంటూ మస్తానమ్మ కర్ర పట్టుకుని ఆదరాబాదరాగా వచ్చింది.

"ఆగు మస్తానమ్మా," అంది హైమావతి. "తోలబాకు. తిననియ్యి."

ఆ వారం చినమల్లవరంలో ఎన్నడూ లేని వ్యాపారం జరిగింది. గడప మీద పూలున్నాయని ఆడవాళ్లు పక్క తలుపులోంచి వచ్చి పరుపు మీద కూర్చునేవాళ్లు, చీర తేల్చుకునేవాళ్లు, బిల్లు దగ్గర నిలబడి "మేకొచ్చిందా?" అనడిగేవాళ్లు. మేక ఒకటి వస్తే ఇద్దరికి బిల్లు. పోతు వస్తే కాస్త దుముకుతుంది కాబట్టి ముగ్గురికి కూడా అయ్యేది. బేరం తెగాక, "ఇదుగో, మన మేకొచ్చింది వదినా, పద" అని లేచి బిల్లుకి పోయేవాళ్లు. దేశంలో ఎక్కడైనా చీర కొనాలంటే డబ్బుంటే చాలు. ఇక్కడ మేక కూడా ఉండాలి. మనవాళ్లు దేనికైనా అలవాటుపడతారు.

రాజధానిలో సంబరాలు. నిశ్చల్ తెర మీద గీతలు గీసి చూపించాడు. "తేలికైన బరువు. చురుకైన నడక. గుంపులుగా వస్తున్నారు. ఒక్కొక్కరు రోజుకి పదిసార్లొస్తున్నారు. ఇది యువతరం సార్! యువతరం చేనేత వైపు తిరిగింది!" ముకుందరావు ఆ గీతల్ని పైవాళ్లకి పంపాడు. పైవాళ్లు వాళ్ల పైవాళ్లకి పంపారు. అక్కడినుంచి ఆదర్శ శాఖ అవార్డు ఖాయమని మాటొచ్చింది.

ఆ యువతరాన్ని కళ్లారా చూద్దామని ముకుందరావు, నిశ్చల్ చెప్పకుండా వచ్చారు. వచ్చేసరికి ఓ నల్లమేక పరుపెక్కి కంచి అంచు చీర కొంగు నములుతోంది. బాజీ రెండో కొస పట్టుకుని లాగుతున్నాడు. తెర ఆ మేకకే స్వాగతం చెబుతోంది.

నిశ్చల్ ట్యాబు చూశాడు, మేకని చూశాడు, మళ్లీ ట్యాబు చూశాడు. "సార్... యువతరం..."

"నిశ్చల్," అన్నాడు ముకుందరావు మెల్లగా. "నేను మేకలను చూడలేదు. నువ్వూ చూడలేదు. పాదమే ప్రమాణమని చెప్పింది నువ్వే."

హైమావతి ముందుకొచ్చింది. "సార్, ఆ గడప తీసేయించండి. నేల మీద పట్టా వేయించినా సరే. ఒక్క రోజులో మీ లెక్కలు నిండుతయ్. ఇన్నాళ్లూ నే జెప్పింది అదేగా."

"అమ్మా, అవార్డు పొందుతున్న గడపను తీసేయమంటారా?" ముకుందరావు కొరికిన కొంగుని వేళ్లతో ఎత్తి చూశాడు. "అసలు సమస్య ఇది. ప్రభుత్వ సరుకు నష్టపోతోంది. కస్టమర్లకీ చీరలకీ ఒకే చోట పొసగడం లేదు. ఇద్దరిలో ఒకరినే ఉంచగలం." కొంగుని బాజీ చేతిలో పెట్టాడు. "కస్టమరు దేవుడితో సమానం. చీరలను గోడౌనుకు తరలించండి."

నాగలింగం అక్కడే ఉన్నాడు. "మరి మా సరుకో బాబూ?"

"సందర్శకుల వృద్ధి పూర్తయ్యేవరకు కొనుగోళ్లు నిలిపివేయడమైనది."

"మేకలు కొనవుగా బాబూ."

"మీరు వ్యాపారస్తుల్లా ఆలోచిస్తున్నారు. మేము వ్యవస్థలా ఆలోచిస్తాం," అన్నాడు ముకుందరావు. మస్తానమ్మని పిలిచి పాదాభివృద్ధి భాగస్వామి అని పేరుపెట్టి, నెలనెలా జీతం మంజూరు చేయించాడు. నేతగాళ్లకి ఎన్నో పండగల బకాయి అలాగే ఉంది. మేకల జీతం మాత్రం ఒకటో తారీకున పడుతుంది.

లారీ వచ్చి చీరలన్నీ ఎత్తుకెళ్లింది. బీరువాల్లో పచ్చగడ్డి పెట్టారు.

హైమావతి ఖాళీ కొట్లో కుర్చీలో కూర్చుంది. కొట్టు మూతపడలేదు. దాన్ని బతికించడానికి నానా గడ్డీ కరిచింది, కొట్టు బతికింది. ఇంతకంటే మూతపడితేనే నయమనిపించింది. మూతపడిన కొట్టుని కనీసం జనం మూతపడిందంటారు.

నాగలింగం గుమ్మం బయట మూట పట్టుకుని నిలబడ్డాడు. ఆయన చూపంతా షావుకారు అరుగున్న బజారు వైపే.

"ఆగు బాబాయ్," అంది హైమావతి. "బాజీ, పరుపు ఎత్తు."

ఇద్దరూ కలిసి పరుపుని ఈడ్చుకొచ్చి కొట్టు ముందు రోడ్డు పక్కన పరిచారు. పైన పాత తార్పాలిన్ కట్టారు. నాగలింగం మూట విప్పాడు. రోడ్డుకి గుమ్మం లేదు, గుమ్మానికి గడప లేదు, లెక్కపెట్టే నాథుడు లేడు. పొద్దుగూకేలోపు మూటంతా ఖాళీ అయింది. మర్నాడు ఇంకో ఊరి మగ్గాల మూటొచ్చింది, ఆ మర్నాడు ఇంకోటి. హైమావతి సెలవు చీటీ పంపితే, మేనేజరు ఉన్నప్పుడూ లేనప్పుడూ లెక్క ఒకే తీరుగా పెరుగుచున్నందున సెలవు మంజూరు చేయవలసిన అవసరం కూడా లేదని జవాబొచ్చింది.

దసరాకి ముందు అవార్డు కమిటీ దిగింది. కార్లు ఆగితే కాలు పెట్టే చోటు లేదు. రోడ్డు పక్కనంతా ఆడవాళ్లు. పరుపు చుట్టూ మూడు వరసలు, వెనక నిలబడినవాళ్లు, పిల్లల్ని చంకనెత్తుకున్నవాళ్లు, "నాకు ముందు చూపియ్యి", "ఆ మిరపపండు రంగు ఇటియ్యి" అని అరుపులు. నడుమ హైమావతి, మోకాళ్ల మీద నిలబడి చీరలు విసురుతోంది. నాంచారమ్మ పక్కనే కూర్చుని, అడగకుండానే అందరికీ రంగులు ఎంపిక చేస్తోంది.

ముకుందరావుకి చెమటలు పట్టాయి. కమిటీ ముందు పరువు పోయేలా ఉంది. "ఏంటమ్మా ఇది? ఎవరీ జనం? కొట్టు ముందు ఇంతమంది అడ్డంగా కూర్చుంటే కస్టమర్లు లోపలికెట్లా వెళతారు?"

కమిటీ వెనక మస్తానమ్మ మేకలు దారి లేక ఆగి, మే అన్నాయి.

హైమావతి తలెత్తి ఆయన్ని చూసింది, మేకల్ని చూసింది. నవ్వలేదు. "అక్కా, అమ్మా, కాస్త జరగండి," అంది. "వాళ్ల కస్టమర్లొచ్చారు."

ఆడవాళ్లు కుచ్చెళ్లు దగ్గరికి లాక్కుని పక్కకి జరిగారు. మధ్యలోంచి మేకలు ఒకదాని వెనక ఒకటి నడిచిపోయాయి. వాటి వెనక చేతులు కట్టుకుని ముకుందరావు, ట్యాబు పట్టుకుని నిశ్చల్, మెడలో దండలతో కమిటీ. లోపల స్వాగతం స్వాగతం అని గొంతు అరుస్తోంది. చప్పట్లు వినిపించాయి.

జనం మళ్లీ దగ్గరికి జరిగారు. హైమావతి తరవాతి చీర మడత విప్పి ఎండలోకి పట్టుకుంది.

"ఇది మా నాగలింగం బాబాయి నేసింది. రంగు పోదు. పోతే తీసుకొచ్చి నా మొహాన కొట్టు వదినా, నేనెక్కడికీ పోను. ఇక్కడే కూకుంటా."